హార్బరు అడుగు బురదను పరీక్షించడం ఎలా? పడవ ఎక్కకముందు నుంచి రిపోర్టు దాకా

"రెండు సీసాల్లో బురద తెచ్చాం. ఏ ల్యాబుకి ఇవ్వాలి, ఎంతవుతుంది?" పీజీ ప్రాజెక్టు చేసేవాళ్లు, మత్స్యకార సంఘాల వాళ్లు, కొత్తగా పర్యావరణ కన్సల్టెన్సీల్లో చేరినవాళ్లు అందరూ అడిగేది ఇదే. సూటిగా చెప్పాలంటే ఆ రెండు సీసాలూ ఎక్కడా ఇవ్వకండి. ఎక్కడ తీశారో, ఎంత మందం పొరో, అందులో ఇసుక ఎంతో బంకమన్ను ఎంతో తెలియని బురదకు ల్యాబు ఇచ్చే అంకె దేనికీ కొరగాదు. ల్యాబులో పొరపాటు జరిగితే మిగిలిన మట్టితో మళ్లీ చేయించుకోవచ్చు. పడవ మీద జరిగిన పొరపాటుకు మందు లేదు. అందుకే కింద చెప్పినదాంట్లో సగానికి పైగా పడవ పనే.

నీళ్లు పరీక్షిస్తే చాలదా అని కూడా అడుగుతారు. చాలదు. సీసం, జింకు, పాదరసం, నూనెలోని పీఏహెచ్‌లు (వలయాలు అతుక్కున్న హైడ్రోకార్బన్ రసాయనాలు) నీళ్లలో ఎక్కువసేపు ఉండవు. సన్నని రేణువులను పట్టుకుని అడుక్కి దిగిపోతాయి, కాలవ మూసేసినా అక్కడే ఉంటాయి. జపాన్‌లోని మినమాటా జబ్బును (పాదరసం చేరిన చేపలు తిని వచ్చిన నరాల జబ్బు) 1956లో అధికారికంగా గుర్తించారు. ఫ్యాక్టరీ పాదరసం వదలడం 1968లో ఆగింది. అయినా కిలోకు 25 మిల్లీగ్రాములు దాటిన పాదరసం ఉన్న సుమారు 15 లక్షల ఘనమీటర్ల బురదను తవ్వి, గట్టు కట్టి పూడ్చే పని 1977లో మొదలై 1990 దాకా సాగింది.

ఉదాహరణకు విశాఖపట్నం లోపలి హార్బరును తీసుకుందాం. 1933లో తెరిచిన రేవు ఇది. డాల్ఫిన్స్ నోస్ కొండ పక్కనుంచి సన్నని ముఖద్వారం, లోపల టర్నింగ్ బేసిన్ (ఓడలు తిరిగే చోటు), దానినుంచి చీలిన పాయలు. మేఘాద్రిగెడ్డ అనే వాగు వచ్చి ఇందులోనే కలుస్తుంది. చుట్టూ 1957 నాటి రిఫైనరీ, ఎరువుల ఫ్యాక్టరీ, షిప్‌యార్డు, ఇనుప ఖనిజం, బొగ్గు దించే ఎక్కించే బెర్తులు, 2012లో మూతపడిన జింక్ స్మెల్టరు, ఊరి మురుగు. నీరు సరిగా మారని చోట ఇన్ని రకాల సరుకు చేరితే ఏ అంకె దేనివల్ల వచ్చిందో తేల్చడమే అసలు కష్టం. కాకినాడ, చెన్నై, ముంబై ఏ రేవైనా పద్ధతి ఇదే, పేర్లు మారతాయి.

ముందు అనుమతులు

పోర్టు అథారిటీ, హార్బర్ మాస్టర్ అనుమతి లేకుండా లోపలి హార్బరులో పడవ ఆపకూడదు. విశాఖలో తూర్పు నౌకాదళం కూడా ఉంది కాబట్టి కొన్ని చోట్లకు వెళ్లనివ్వరు, ఫొటోలు తీయనివ్వరు. దరఖాస్తుతో పాటు స్టేషన్ల (మట్టి తీసే చోట్ల) జాబితా, పడవ వివరాలు, మనుషుల గుర్తింపు కార్డులు ఇవ్వాలి. దీనికి వారాలు పడుతుంది. సముద్రం పనికి మూడు రోజులు, కాగితం పనికి రెండు నెలలు అని లెక్క వేసుకోండి.

కావలసినవి

- వాన్ వీన్ గ్రాబ్ (దవడలు మూసుకుని అడుగు మట్టిని పట్టే పరికరం). చిన్నది (0.025 చదరపు మీటరు) ఇద్దరు చేత్తో లాగగలరు. పెద్దదానికి (0.1 చదరపు మీటరు) వించి ఉండాల్సిందే.
- లోతు పొరలు కావాలంటే గ్రావిటీ కోరర్ (బరువుతో అడుగులో దిగి, మట్టిని పొరలు చెదరకుండా నిలువు కడ్డీలా తెచ్చే గొట్టం; ఆ కడ్డీయే కోర్), లోపల ప్లాస్టిక్ లైనర్ గొట్టాలు, రెండు చివరలకూ మూతలు.
- జీపీఎస్, లోతు చూసే ఎకో సౌండర్ లేదా గుర్తులు పెట్టిన గుండుతాడు.
- లోహాలకు: పది శాతం నైట్రిక్ ఆమ్లంలో ఒక రాత్రి నానబెట్టి, డీఅయనైజ్డ్ (లవణాలు తీసేసిన) నీళ్లతో కడిగిన హెచ్‌డీపీఈ ప్లాస్టిక్ డబ్బాలు, ప్లాస్టిక్ గరిటె.
- పీఏహెచ్, పీసీబీ (పాత ట్రాన్స్‌ఫార్మర్ల నూనెలోని క్లోరిన్ రసాయనాలు), పురుగుమందులకు: ద్రావకంతో కడిగిన 250 మిల్లీలీటర్ల గాజు సీసాలు, మూత కింద టెఫ్లాన్ పొర లేదా కడిగిన అల్యూమినియం ఫాయిల్, స్టీలు గరిటె.
- పాదరసానికి గాజు లేదా టెఫ్లాన్ సీసా.
- పౌడరు లేని నైట్రైల్ గ్లౌజులు, ఐసు పెట్టెలు, సరిపడా ఐసు (ఎండాకాలంలో మీరు అనుకున్నదానికి రెట్టింపు), ఫాస్ఫేటు లేని డిటర్జెంటు, బ్రష్షులు.
- పీహెచ్, రెడాక్స్ (మట్టిలో ఆక్సిజన్ పరిస్థితి తెలిపే) మీటర్లు, థర్మామీటరు.
- తడిసినా చెరగని నోట్‌బుక్, పెన్సిలు. బాల్‌పెన్ను నమ్మకండి.
- లైఫ్ జాకెట్లు. ఇవి జాబితా చివర ఉన్నా పడవలో ముందు పడాల్సినవి.

1. ప్రశ్నను ఒక్క వాక్యంలో రాసుకోండి

"కాలుష్యం ఎంతుందో చూడాలి" అన్నది ప్రశ్న కాదు. ఇప్పటి పరిస్థితి తెలియాలంటే పై 2 సెంటీమీటర్ల పొర చాలు. డ్రెడ్జింగ్ (అడుగు తవ్వి లోతు పెంచడం) చేస్తే ఏం బయటపడుతుందో తెలియాలంటే తవ్వబోయే లోతంతా కోర్ తీయాలి. ఎన్నేళ్లుగా పేరుకుందో తెలియాలంటే ఎన్నడూ తవ్వని చోటు వెతకాలి, హార్బరులో అది దొరకడమే అరుదు. ఈ మూడింటికీ మనుషులు, పరికరాలు, ఖర్చు వేరువేరు. మూడూ ఒకేసారి చేద్దామని మొదలుపెట్టినవాళ్లు మూడింటినీ సగంలో వదిలేస్తారు.

2. మ్యాపు మీద స్టేషన్లు పెట్టండి

గెడ్డ కలిసే చోట్లు, మురుగు కాలవలు, డ్రైడాకులు (ఓడలు బాగుచేసే చోట్లు), ఖనిజం బెర్తులు, నూనె జెట్టీలు ముందు గుర్తించండి. ఒక్కో వనరు దగ్గరనుంచి దూరమయ్యే కొద్దీ మూడు నాలుగు స్టేషన్లు వరసగా వేయండి: 50 మీటర్లు, 150, 400, అలా. కాలవ మూతి దగ్గర ఒక్కటే తీస్తే ఎక్కువ ఉందని తెలుస్తుంది గాని, అది ఆ కాలవదేనని నిరూపించలేరు. దూరంతో పాటు తగ్గితేనే ఆ మాట అనగలరు. లోపలి హార్బరంత చోటుకు 15 నుంచి 20 స్టేషన్లు పెడితే చిత్రం తేలుతుంది.

తర్వాత పోర్టు నుంచి డ్రెడ్జింగ్ రికార్డు అడగండి. ఈ పని చాలామంది చేయరు. ఆర్నెల్ల క్రితం తవ్విన బేసిన్‌లో తీసిన "పై పొర" నిజానికి పాత అడుగు కావచ్చు, ఇంకెక్కడినుంచో జారిన బురద కావచ్చు.

జీపీఎస్ అంకెలు రాసేటప్పుడు ఒక పొరపాటు పదేపదే జరుగుతుంది. 17 డిగ్రీల 41 నిమిషాలను 17.41 డిగ్రీలు అని రాసేస్తారు. సరైనది 17.683. తేడా అక్షాంశంలోనే సుమారు 30 కిలోమీటర్లు, మీ హార్బరు స్టేషను మ్యాపులో నడిసముద్రంలో తేలుతుంది. ఏ పద్ధతిలో రాస్తున్నారో నోట్‌బుక్ మొదటి పేజీలోనే రాసి, అందరూ అదే వాడండి. జీపీఎస్ యాంటెనా కేబిన్ మీద ఉండి గ్రాబ్ వెనక దించుతుంటే ఆ దూరం కూడా రాసుకోండి.

3. పోలిక స్టేషన్లు: దూరం కాదు, మట్టి చూడండి

హార్బరు బయట శుభ్రమైన చోట కనీసం మూడు స్టేషన్లు కావాలి. చాలామంది దగ్గర్లోని బీచి ఎదుట ఇసుక తీసి, హార్బరు బంకమట్టితో పోలుస్తారు. ఇసుకలో లోహాలు సహజంగానే తక్కువ. అలా పోలిస్తే ప్రపంచంలోని ఏ హార్బరైనా "తీవ్ర కాలుష్యం" అనే తేలుతుంది. మీ హార్బరు బురద ఎంత సన్నగా ఉందో అంత సన్నని మట్టి దొరికేదాకా బయట లోతులోకి వెళ్లండి. డ్రెడ్జింగ్ బురద పారబోసే చోటుకు మాత్రం దూరంగా ఉండండి, ఆ చోటు ఎక్కడో పోర్టువాళ్లనే అడగాలి.

4. రోజు ఎంచుకోవడం

విశాఖలో పోటుపాట్ల తేడా పెద్దది కాదు, ఎక్కువలో ఎక్కువ మీటరున్నర. అయినా ముఖద్వారంలో లాగుడు తెలుస్తుంది. అమావాస్య, పౌర్ణమి రోజులు వదిలేసి అష్టమి, నవమి చుట్టుపక్కల పెట్టుకుంటే నీటి లాగుడు తక్కువ, గ్రాబ్ నిటారుగా దిగుతుంది. సరంగును అడిగినా ఇదే చెబుతాడు.

వాన నీటితో గెడ్డ పొంగిన వారంలో తీస్తే పైన ఉండేది కొత్త ఎర్రమట్టి. ఆ పొరలో అంకెలు తక్కువగా వచ్చి మోసం చేస్తాయి. మార్చి నుంచి మే మధ్య ఒకసారి, వానలు తగ్గాక ఒకసారి తీయడం మంచిది. 2014 అక్టోబరులో హుద్‌హుద్ లాంటి తుపాను వచ్చిపోతే పాత లెక్కలతో కొత్తవి పోల్చేముందు ఆ సంగతి రిపోర్టులో రాయాలి, పై పొర అంతా కలిసిపోయి ఉంటుంది.

5. పడవను శుభ్రం చేయించండి

కాలుష్యం పడవలోనే ఉంటుంది. జింకు పూత పూసిన ఇనుప తాడు, వించి గ్రీజు, డీజిలు పొగ, తుప్పు రాలే డెక్కు, సరంగు చుట్ట. చిన్న గ్రాబ్‌కు నైలాను తాడు వాడండి. పెద్దదానికి ఇనుప తాడు తప్పకపోతే గ్రాబ్ పైన రెండు మూడు మీటర్లయినా నైలాను కట్టండి. మట్టి తెరిచే చోటు పొగ గొట్టానికి గాలివాటున ఎగువన ఉండాలి. చాలా సన్‌స్క్రీన్‌లలో జింక్ ఆక్సైడ్ ఉంటుంది. రాసుకుంటే రాసుకోండి గాని, ఆ చేతులతో గ్లౌజు బయటివైపు ముట్టుకోకండి.

శుభ్రమైన స్టేషన్లతో మొదలుపెట్టి మురికి స్టేషన్లతో ముగించండి. స్టేషను మారినప్పుడల్లా గ్రాబ్‌ను సముద్రపు నీళ్లతో కడిగి, డిటర్జెంటుతో బ్రష్ చేసి, మళ్లీ కడగాలి. నూనె అంటుకుంటే ఎసిటోన్‌తో తుడవాలి, అప్పుడు పడవలో అగ్గిపుల్ల వెలగకూడదు. రోజుకొకసారి కడిగిన గ్రాబ్ మీద శుద్ధజలం పోసి, ఆ నీటిని సీసాలో పట్టండి. అదే పరికరాల బ్లాంక్. అందులో జింకు కనబడితే మీ మట్టిలోని జింకుకూ గ్యారంటీ లేదు.

6. గ్రాబ్ దించడం

అడుక్కి ఇంకా 5 మీటర్లు ఉందనగా వేగం తగ్గించండి. ధబ్బున వదిలితే గ్రాబ్ ముందు తోసుకొచ్చే నీరు పైన ఉన్న మెత్తటి పొరను ఊదేస్తుంది. మీకు కావలసింది ఆ పొరే. అడుగు తాకగానే తాడు సడలుతుంది, కొక్కెం విడుతుంది. రెండు క్షణాలు ఆగి, మొదటి మీటరు చాలా మెల్లగా లాగండి. అప్పుడు దవడలు మూసుకుంటాయి. తర్వాత సెకనుకు 30 సెంటీమీటర్ల చొప్పున ఆపకుండా పైకి తీసుకురండి.

అలలు ఉన్నప్పుడు పడవ ఊగుడుకు తాడు మధ్యలోనే సడలి, గ్రాబ్ నీళ్లలోనే మూసుకుంటుంది. పైకి వచ్చాక ఖాళీగా ఉంటే కారణం అదే. తాడు వాలుగా వెళ్తుంటే పడవ కొట్టుకుపోతోందని అర్థం. లంగరు సరిచేసుకుని మళ్లీ దించండి.

7. ఉంచాలా, పారేయాలా?

పైకి వచ్చిన గ్రాబ్ పై తలుపు తెరిచి చూడండి. కింది వాటిలో ఏ ఒక్కటి తప్పినా పారేయాలి.

- దవడలు పూర్తిగా మూసుకున్నాయా? గవ్వ, రాయి, ప్లాస్టిక్ కవరు ఇరుక్కుంటే పై పొర కారిపోయి ఉంటుంది. విశాఖ లాంటి ఊళ్లో కవర్లే ఎక్కువ.
- మట్టి మీద నీరు నిలిచి ఉందా? నీరు లేకపోతే కారిందని లెక్క. నీరు మరీ బురదగా ఉంటే పై పొర కలిసిపోయింది.
- పై భాగం చదునుగా ఉందా? ఒక పక్కకు వాలి, పగుళ్లు ఉంటే వద్దు.
- కనీసం 5 సెంటీమీటర్ల లోతు దిగిందా?
- మట్టి పై తలుపుకు తగిలిందా? తగిలితే అతిగా దిగింది, పై పొర నలిగింది. బరువు తగ్గించి మళ్లీ వేయండి.

పారేసేటప్పుడు అదే చోట నీళ్లలో కుమ్మరించకండి. బకెట్లో పోసి, ఆ స్టేషను పని పూర్తయ్యాక వదలండి. మూడుసార్లు ప్రయత్నించినా రాకపోతే 20 మీటర్లు జరిగి, కొత్త అంకెలు రాసుకుని మళ్లీ వేయండి. ఎన్నిసార్లు విఫలమైందో కూడా రాయండి. అడుగు గట్టిగా ఉందన్నదీ సమాచారమే.

8. పొర తీయడం, పంచడం

నీటిని సైఫను గొట్టంతో మెల్లగా తీసేయండి. వంచి పోయకండి. ముందు రంగు, వాసన, నూనె మరక, గవ్వలు, పురుగులు రాసుకుని, స్కేలు పెట్టి ఫొటో తీయండి. పైన సన్నని గోధుమరంగు పొర, కింద నల్లగా ఉండటం మామూలే. పై నుంచే నల్లగా ఉండి కుళ్లిన గుడ్డు వాసన వస్తే ఆక్సిజన్ లేదని. హైడ్రోజన్ సల్ఫైడ్ ఎక్కువైతే ముక్కు మొద్దుబారి వాసనే తెలియదు. వాసన పోయిందని సంతోషించకుండా గాలి ఆడే చోటికి జరగండి. కోర్లను మూసిన కేబిన్‌లో కొయ్యకండి.

రెడాక్స్‌ను ప్లాటినం ఎలక్ట్రోడ్‌తో మట్టి కలపకముందే చూడాలి. మీటరు చూపే అంకెకు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ విలువ కలపాలి. సిల్వర్ క్లోరైడ్ రకానికి అది సుమారు 200 మిల్లీవోల్టులు. కలిపారో లేదో రాయకపోతే ఎవరి అంకెలూ ఎవరికీ సరిపోవు.

ఇప్పుడు గ్రాబ్ గోడలకు తగిలిన మట్టిని వదిలేసి, మధ్యలోంచి పై 2 సెంటీమీటర్లు తీయండి. చిన్న గ్రాబ్ విస్తీర్ణం 250 చదరపు సెంటీమీటర్లు, అంటే 2 సెంటీమీటర్లకు మొత్తం 500 మిల్లీలీటర్లు. అంచులు తీసేస్తే చేతికొచ్చేది 300కు అటూఇటూ. అది చాలదు. ఒక్కో స్టేషనులో మూడు గ్రాబులు వేసి కలపాలి.

పంచే వరస ముఖ్యం. సల్ఫైడ్ (ఏవీఎస్, అంటే ఆమ్లం కలిపితే విడుదలయ్యే సల్ఫైడ్) పరీక్ష ఉంటే మట్టి కలపకముందే సీసా నిండా, గాలి లేకుండా నింపాలి. గాలి తగిలితే నిమిషాల్లోనే సల్ఫైడ్ పోవడం మొదలవుతుంది. మిగిలినదాన్ని గవ్వలు, ప్లాస్టిక్ ముక్కలు ఏరేసి, రంగు ఒక్కటయ్యేదాకా కలపండి. ఏరేసినవి ఏమిటో రాయండి. తర్వాత:

- లోహాలు: 100 గ్రాములు
- పీఏహెచ్, పీసీబీ: గాజు సీసాలో ముప్పాతిక వంతు. నిండా నింపి ఫ్రీజరులో పెడితే సీసా పగులుతుంది.
- రేణువుల పరిమాణం: 200 గ్రాములు, ప్లాస్టిక్ సంచి
- సేంద్రియ కార్బన్: 50 గ్రాములు
- దాచుకోవడానికి: 250 గ్రాములు. ఇది తప్పనిసరి.

ప్రతి 20 నమూనాలకు ఒకటైనా జంట నమూనా ఉండాలి. జంట అంటే కలిపిన మట్టిని రెండు డబ్బాల్లో పోయడం కాదు, అదే చోట మళ్లీ గ్రాబ్ వేయడం. మొదటిది మీరు ఎంత బాగా కలిపి పంచారో చెబుతుంది, రెండోది అడుగు ఎంత మారుతుందో చెబుతుంది. వీలైతే రెండూ చేయండి.

లేబులు డబ్బా మీద, మూత మీద కాదు. మూతలు మారిపోతాయి.

9. కోర్ తీస్తుంటే

కోరర్ అడుగులో ఎంత దిగిందో బయట అంటిన బురద చూసి కొలవండి. లోపల ఎంత వచ్చిందో లైనరులో కొలవండి. బయట 120 సెంటీమీటర్లు, లోపల 90 ఉంటే పాతిక శాతం కుదించుకుపోయింది. ఇది రాయకపోతే 40 సెంటీమీటర్ల దగ్గరి పొర నిజానికి ఎంత లోతుదో ఎవరూ చెప్పలేరు.

కోర్‌ను నిలబెట్టే మోయాలి. పడుకోబెడితే మెత్తటి పై పొర పారిపోతుంది. పై 10 సెంటీమీటర్లను 1 సెంటీమీటరు చొప్పున, ఆ కింద 2 నుంచి 5 చొప్పున కోయండి. ప్రతి ముక్కకూ అంచు అర సెంటీమీటరు తీసేయండి. గొట్టం దిగేటప్పుడు పై మురికిని గోడ వెంట కిందికి ఈడ్చుకెళ్తుంది. అది తీయకపోతే శుభ్రమైన కింది పొరల్లోనూ సీసం కనబడుతుంది.

సీసం-210 (సీసంలో రేడియోధార్మిక రకం)తో పొరల వయసు లెక్కించాలని సరదా పడేవాళ్లు చాలామంది. దాని అర్ధాయువు సుమారు 22 ఏళ్లు, వందేళ్ల లోపు పొరలకు బాగా పనికొస్తుంది. కానీ తవ్విన కాలువలో, ఓడల ప్రొపెల్లర్లు చిలికే బెర్తుల దగ్గర ఆ లెక్కకు అర్థం లేదు. ఆ డబ్బు నాలుగు స్టేషన్లు పెంచడానికి వాడండి.

10. ఇంటికి తేవడం

పడవలో అన్నీ 4 డిగ్రీల సెల్సియస్ దగ్గర, చీకట్లో. ఒడ్డుకు రాగానే లోహాలు, సేంద్రియ రసాయనాలు మైనస్ 20కి. రేణువుల పరిమాణం సంచి మాత్రం ఫ్రీజరులో పెట్టకండి. గడ్డకట్టి కరిగితే బంకమట్టి రేణువుల అమరిక మారి, ఫలితం తప్పుతుంది. ఇది ప్రతి బ్యాచిలోనూ ఎవరో ఒకరు చేసే తప్పు. డబ్బా ఎవరి చేతినుంచి ఎవరి చేతికి, ఏ తేదీన, ఎన్ని గంటలకు వెళ్లిందో ఒక కాగితం వెంట ఉండాలి. వ్యవహారం కోర్టుదాకా వెళ్తే మొదట అడిగేది ఆ కాగితమే.

11. ల్యాబును ఏమడగాలి

రేటు అడిగేముందు ఇవి అడగండి.

ఆరబెట్టేది ఎంత వేడి దగ్గర? తేమ శాతం కోసం వేరే చిన్న భాగాన్ని 105 డిగ్రీల దగ్గర ఆరబెట్టొచ్చు. పాదరసం చూసే మట్టిని 40 డిగ్రీలు దాటనివ్వకూడదు, ఫ్రీజ్ డ్రయ్యరు ఉంటే ఇంకా మేలు. 105లో ఆరిన మట్టిలోనే పాదరసం చూశామంటే ఆ అంకె వద్దు. నూరేది అగేటు (గట్టి రాయి) కల్వంలోనా, ఉక్కు మరలోనా? ఉక్కయితే క్రోమియం, నికెల్ కలుస్తాయి.

కరిగించేది దేనితో? ఆక్వా రీజియా (నైట్రిక్, హైడ్రోక్లోరిక్ ఆమ్లాల మిశ్రమం) అయితే ఖనిజం లోపలి లోహం కొంత మిగిలిపోతుంది. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం వాడితే పూర్తిగా కరుగుతుంది. రెండూ పనికొస్తాయి గాని, ఒకదాన్ని మరొకదానితో పోల్చకూడదు. అల్యూమినియంతో భాగించి చూడాలనుకుంటే (ఎందుకో 13లో ఉంది) పూర్తి కరిగింపే కావాలి. మీరే చేస్తుంటే హైడ్రోఫ్లోరిక్ పక్కన కాల్షియం గ్లూకోనేట్ జెల్ లేకుండా సీసా తెరవకండి. చర్మానికి తగిలితే వెంటనే నొప్పి తెలియకపోవచ్చు, లోపల ఎముకదాకా పోతుంది.

ఐసీపీ-ఎంఎస్ (లోహాలను ద్రవ్యరాశిని బట్టి గుర్తించే యంత్రం) వాడితే ఉప్పు గురించి అడగండి. ఆర్గాన్, క్లోరిన్ కలిసి 75 ద్రవ్యరాశి దగ్గర ఆర్సెనిక్‌లా నటిస్తాయి. ఆర్గాన్, సోడియం కలిసి 63 దగ్గర రాగిలా నటిస్తాయి. కొలిజన్ సెల్ (ఈ నకిలీలను తొలగించే భాగం) వాడారా అన్నది మీ ప్రశ్న.

సేంద్రియ కార్బన్‌ను డైక్రోమేట్ పద్ధతిలో చూస్తే సముద్రపు మట్టిలోని క్లోరైడు, నల్లబురదలోని సల్ఫైడ్ అంకెను పెంచేస్తాయి. సిల్వర్ సల్ఫేట్ కలపడం క్లోరైడుకే విరుగుడు. సీహెచ్ఎన్ (కార్బన్, హైడ్రోజన్, నైట్రోజన్ కొలిచే) మిషను మీద చూస్తే ముందు ఆమ్లంతో గవ్వల సున్నం పోగొట్టాలి.

చేతిలో పట్టుకునే ఎక్స్‌ఆర్ఎఫ్ (ఎక్స్‌రేలతో లోహాలు చూపే) గన్ ఉంటే అది జల్లెడగా మాత్రమే. తడి బురద మీద పెడితే అంకె తగ్గుతుంది. ఆరబెట్టి, పొడి చేసి పెట్టండి. జింకు, సీసం, రాగి బాగానే చూపిస్తుంది, కాడ్మియం, పాదరసం తక్కువ మోతాదుల్లో పట్టదు.

12. వచ్చిన అంకెలను ముందు అనుమానించండి

ప్రతి బ్యాచిలో సర్టిఫైడ్ రిఫరెన్స్ మట్టి (ఏది ఎంతుందో ముందే తేల్చి ఇచ్చే మట్టి) ఉండాలి. లోహాలకు కెనడా వాళ్ల పీఏసీఎస్, మెస్ శ్రేణులు, పీఏహెచ్‌లకు అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ వారి 1941 శ్రేణి అందరూ వాడేవి. సర్టిఫికెట్ విలువలో 80 నుంచి 120 శాతం మధ్య వస్తే ఒప్పుకోండి. ఆ ఫలితం ఇవ్వలేని ల్యాబు రిపోర్టుకు డబ్బు కట్టకండి.

తర్వాత తడి బరువా, పొడి బరువా చూడండి. జింకు కిలో తడి మట్టికి 120 మిల్లీగ్రాములు అనుకుందాం, తేమ 60 శాతం. పొడి బరువులో అది 120ని 0.4తో భాగిస్తే 300. మార్గదర్శక విలువలన్నీ పొడి బరువులోనే ఉంటాయి. ఇంకో చిన్న సంగతి: 60 శాతం తేమ ఉన్న సముద్రపు బురద ఆరితే ఆ నీటి ఉప్పు మట్టిలోనే మిగులుతుంది, పొడి బరువులో సుమారు 5 శాతం దాకా. మెత్తటి పై పొరకూ గట్టి కింది పొరకూ పోలిక పెట్టేటప్పుడు ఇది తీసేయాలి.

"కనబడలేదు" అని వస్తే సున్నా అని రాయకండి. డిటెక్షన్ లిమిట్ (ల్యాబు పట్టగల కనీస మోతాదు) ఎంతో దానికంటే తక్కువ అని రాయండి.

ఒకే స్టేషనులో రాగి, టీబీటీ (ఓడల అడుగు రంగుల్లో ఒకప్పుడు వాడిన తగరం రసాయనం) ఆకాశాన్నంటితే సంబరపడకండి. ఓడ అడుగు రంగు పెచ్చు ఒక్కటి పడినా అలా వస్తుంది. దాచిన 250 గ్రాముల్లోంచి మళ్లీ చేయించి, లెన్సు కింద చూడండి.

13. లెక్క

రేణువుల పరిమాణం లేకుండా లోహం అంకె మాట్లాడదు. బంకమన్ను ఎంత ఎక్కువుంటే అల్యూమినియం అంత ఎక్కువ, అందుకే దానితో భాగిస్తాం. ఊహించి ఒక లెక్క వేద్దాం. ఒక స్టేషనులో జింకు కిలోకు 180 మిల్లీగ్రాములు, అల్యూమినియం 8 శాతం. ఇంకోచోట జింకు 90, అల్యూమినియం 2 శాతం. చూడగానే మొదటిది చెడ్డది. భాగిస్తే మొదటిది 22.5, రెండోది 45. సహజ మట్టిలో ఇది సుమారు 12 (ప్రపంచ సగటు షేలు రాయిలో జింకు 95, అల్యూమినియం 8 శాతం). అంటే మొదటిచోట రెండు రెట్ల లోపు, రెండోచోట నాలుగు రెట్లకు దగ్గర. ఇసుక ఎక్కువున్న రెండో స్టేషను జింకులోనే బయటినుంచి వచ్చిన వాటా ఎక్కువ.

షేలు సగటు ఆఖరి దిక్కు మాత్రమే. విశాఖ చుట్టూ ఉన్నవి ఖోండలైటు, చార్నకైటు కొండలు, తీరంలో ఇల్మెనైటు, గార్నెట్ నల్ల ఇసుక. మీ కోర్ల అట్టడుగు పొర శుభ్రంగా ఉంటే అదే మీ సహజ స్థాయి.

దేనితో భాగించాలన్నదీ ఊరిని బట్టే. చాలా థీసిస్‌లు ఇనుముతో భాగిస్తాయి. బైలదిల్లా ఇనుప ఖనిజం ఎగుమతయ్యే రేవులో ఇనుముతో భాగిస్తే బయటినుంచి రాలిన ఇనుమే హారంలో కూర్చుని కాలుష్యాన్ని తగ్గించి చూపిస్తుంది. పోనీ అల్యూమినియం అంటే, దమన్‌జోడి అల్యూమినా (అల్యూమినియం ముడిసరుకు) కూడా ఇదే రేవునుంచి వెళ్తుంది. ఆ బెర్తుల దగ్గర లిథియం (ఇదీ బంకమన్నుతో పాటే పెరుగుతుంది) వాడి సరిచూడండి. అల్యూమినియం, లిథియం ఒకదానితో ఒకటి సరళరేఖలో నడుస్తుంటే నిశ్చింత. ఏ స్టేషను రేఖ దాటిందో అక్కడ అనుమానం.

ఒకే అంకెను నాలుగైదు సూచీల్లో తిప్పి పట్టికలు నింపడం మన జర్నళ్లలో అలవాటైపోయింది. అవన్నీ ఒకే అంకెకు వేసిన వేరువేరు చొక్కాలు, కొత్త సాక్ష్యం కాదు. ఒక్కటి చాలు, దాంతోపాటు మ్యాపు.

జీవులకు హాని ఎంతన్నది చూడటానికి ఎక్కువగా వాడేవి అమెరికాలో 1995లో వచ్చిన ఈఆర్ఎల్ (కింది హద్దు), ఈఆర్ఎమ్ (పై హద్దు) విలువలు. కిలో పొడి మట్టికి మిల్లీగ్రాముల్లో: కాడ్మియం 1.2, 9.6; రాగి 34, 270; సీసం 46.7, 218; జింకు 150, 410; పాదరసం 0.15, 0.71. మొదటిదానికంటే తక్కువైతే హాని అరుదు, రెండోది దాటితే తరచు. ఇవి చట్టపరమైన హద్దులు కావు. పీఏహెచ్‌ల విషయంలో ఫ్లోరాంథీన్‌ను ఫ్లోరాంథీన్, పైరీన్‌ల మొత్తంతో భాగించి చూడండి: 0.4 లోపు అయితే నూనె, 0.5 పైన అయితే బొగ్గు, కట్టెల మంట. బొగ్గు ధూళి రాలే బెర్తు దగ్గర పీఏహెచ్ అంకె పెద్దదిగా వచ్చినా, అందులో చాలాభాగం బొగ్గు రేణువులోనే బంధించి ఉంటుంది.

14. డ్రెడ్జింగ్ ఉంటే మరొక పరీక్ష

నల్లబురదలోని సల్ఫైడ్ జింకు, కాడ్మియం, సీసం లోహాలను కట్టి ఉంచుతుంది. ఆమ్లానికి విడుదలయ్యే లోహాల మొత్తం సల్ఫైడ్ కంటే తక్కువైతే (రెండూ మైక్రోమోల్‌లలో) ఆ లోహాలు ప్రస్తుతానికి పురుగులకు అందవు. ప్రస్తుతానికి అన్నది గమనించండి. తవ్వి పైకి తెస్తే గాలి తగిలి కట్టు తెగుతుంది. అందుకని ఎలూట్రియేట్ పరీక్ష చేయండి: ఘనపరిమాణంలో ఒక వంతు బురద, నాలుగు వంతులు ఆ చోటి నీరు, 30 నిమిషాలు చిలికి, గంట తేర్చి, పై నీటిని వడగట్టి పరీక్షించాలి. అదే నీటి చిలకని నమూనా కూడా పక్కన ఉండాలి, లేకపోతే పెరిగిందో లేదో చెప్పలేరు.

రిపోర్టు రాశాక జెట్టీ మీద మిమ్మల్ని అడిగే ప్రశ్న మాత్రం "చేప తినొచ్చా?" అని. బురద అంకెలతో దానికి జవాబు చెప్పకండి. మట్టిలో ఉన్న మొత్తం పాదరసం వేరు, చేప కండలో చేరే మిథైల్ పాదరసం వేరు. దానికి చేపనే కోసి చూడాలి: ఏ రకం, ఎంత పొడవు, ఎక్కడ వల వేశారు అన్నది రాసుకుని, కండ వేరు, కాలేయం వేరుగా. మీ స్టేషన్ల మ్యాపు అప్పుడు వల ఎక్కడ వేయాలో చెప్పడానికి పనికొస్తుంది.